కుంచెకు అవతలి పిడి

మా సాలెవాడలో కమ్యూనిజం అంటూ ఎప్పుడైనా ఉండిందంటే అది ఒక కుంచె రూపంలో ఉండింది. మిగతాదంతా ఉపన్యాసాలు.

కుంచె అంటే గోడకు సున్నం వేసేది కాదు. మనిషి చేతులు బారచాపినంత పొడుగు చెక్కకు గట్టి గడ్డివేళ్లు కుచ్చులుగా బిగించి చేసింది. రెండు కొసలకు రెండు పిడులు. మగ్గం ఎక్కించే ముందు పడుగు నూలును వాడ పొడుగునా కర్రల మీద సాగదీసి కడతాం. దానికి జొన్నగంజి పూసి, గంజి ఆరేలోగా ఈ కుంచెతో దువ్వాలి. పడుగుకు ఆ పక్కన ఒకడు, ఈ పక్కన ఒకడు, చెరో పిడి పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే అడుగుగా నడవాలి. ఒకడు ముందుపడి ఒకడు వెనకపడితే కుంచె వంకరపోయి పోగులు తెగుతాయి. దువ్వడం ఆలస్యమైతే పోగుకు పోగు అతుక్కుని పడుగు తాడులా బిగుసుకుంటుంది. అట్లాంటి పడుగును పారేయడమే, నేయడానికి రాదు. ఒక్క ఇంటివాళ్లతో అయ్యే పని కాదిది. పొద్దున్నే ఎవరి పడుగు పరిస్తే వాళ్ల పనికి వాడంతా దిగేది. పిలవడం అనేదే లేదు. పిలిస్తే తప్పు పట్టుకునేవాళ్లు.

నా చిన్నప్పుడు ఊళ్లో ఉన్న కుంచె ఒక్కటే, అది సావుకారుది. నూలు ఇచ్చేది ఆయన, బట్ట తీసుకునేది ఆయన, కుంచె ఇచ్చేదీ ఆయనే. ఎదురు మాట్లాడినవాడి పడుగు గంజి మొహం చూడక మూలన పడి ఉండేది. కుంచె కోసం మా నాయిన ఆయన అరుగు కింద చెప్పులు చేత పట్టుకుని నిలబడడం నేను చూశాను.

నిజాం పోయాడు. మిలిటరీ వచ్చింది. సంఘం వాళ్లను, అంటే కమ్యూనిస్టులను, గుట్టల్లో వేటాడిన ఆ రోజుల్లో మా వాడ నుంచి ఇద్దరు దొరికారు. ఒకడు గండయ్య. ఇంకొకడు అతని భార్య సుగుణమ్మకు తమ్ముడు, వెంకటరాజం. ఇద్దరూ ఒకే క్యాంపులో దెబ్బలు తిన్నారు. గండయ్య ఎడమ మోకాలు అక్కడే పోయింది. జైలు నుంచి వచ్చాక వాళ్లు చేసిన మొదటి పని ఇల్లిల్లూ తిరగడం. జొన్నలున్నవాళ్లు జొన్నలు, బట్ట ఉన్నవాళ్లు బట్ట ఇచ్చారు. అవి అమ్మి, కృష్ణ అవతలి నుంచి కొత్త కుంచె తెప్పించారు. చౌటుప్పల్ సడక్ మీద బస్సు టాపు నుంచి దించి, అబ్దుల్ హమీద్ దాన్ని తన జట్కాలో ఊరికి తెచ్చాడు. మా బట్టల మూటలు ఎప్పుడూ చౌటుప్పల్‌కు చేర్చేది అతనే. కిరాయి అడగలేదు.

"గిది ఎవల్ది గండయ్యా?" అని అడిగాడు.

"అందరిది."

"అందరిదంటే నాది గూడనా?"

"నీది గూడ."

"అయితే నా వాటా కింద దీనితోని నా గుర్రం వీపు జర గోకనియ్యిండ్రి."

వాడంతా నవ్వింది. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. ఆ తర్వాత మేం అందరం కలిసి అట్లా నవ్విన రోజు ఇంకొకటి ఉన్నదా అంటే, లేదు.

కుంచె పట్టడంలో గండయ్య, రాజం జోడి. గండయ్య తూర్పు పక్క, రాజం పడమటి పక్క. గండయ్య కుంటుకుంటూ నడిచేవాడు. కుంచె వంకర పోకూడదు గనుక రాజం తన అడుగును కూడా ఆ కుంటి నడకకు సరిగ్గా కుదించాడు. మొదట్లో చూసి లెక్క పెట్టుకుని అడుగు వేసేవాడు. ఏండ్లు గడిచాక చూడనవసరం లేకపోయింది. చివరికి ఒక్కడే బజారుకు పోతున్నా అట్లాగే నడిచేవాడు. తెలియనివాళ్లు "ఈయనకూ దెబ్బ తగిలిందా?" అని అడిగేవాళ్లు.

తర్వాత పార్టీ రెండయింది.

అరవైనాలుగులో ఢిల్లీలోనో మరెక్కడో పెద్దవాళ్లు విడిపోయారు. ఎందుకు విడిపోయారో పెద్ద పుస్తకాల్లో ఉంటుంది. నేను మూడో తరగతిలో బడి మానినవాణ్ణి, నాకు తెలిసింది గండయ్య అరుగు మీద విన్నంతే. ఆ ఇద్దరూ నూలు కండెల బుట్ట మధ్యలో పెట్టుకుని పొద్దంతా వాదించుకునేవాళ్లు.

"రాజం, సొసైటీ వచ్చింది. నూలు సర్కారు ఇస్తాంది. సావుకారు పెత్తనం సగం పోయిందా లేదా? మిగిలిన సగం ఓట్లతోని పోతది. సోషలిజం గిట్లనే వస్తది, మెల్లగ," అనేవాడు గండయ్య.

"సొసైటీకి ప్రెసిడెంటు ఎవలు బావా?"

గండయ్య బుట్టలోంచి ఇంకో కండె తీసుకునేవాడు.

"సావుకారే గద. నిన్నటిదాక సిల్కు అంగీ, గిప్పుడు ఖద్దరు. అంగీ మారిస్తే సోషలిజమైతదా?"

"మరి నువ్వేం జేద్దామంటవు? మల్ల తుపాకి వడుదామంటవా? నా మోకాలు చూసే మాట్లాడుతున్నవా?"

"నీ మోకాలు చూసే మాట్లాడుతున్న. ఊకనే పోయిందా అది? గీ సొసైటీ కోసమేనా పోగొట్టుకున్నవు?"

లోపల రాట్నం ఆపకుండానే సుగుణమ్మ అనేది: "ఆ మోకాలుకు రోజూ నూనె రాసేది నేను. దాని మీద వాదులాట మీకెందుకు?"

అప్పటికి ఇంకా అది బావాబామ్మర్దుల గొడవే. కొద్దిరోజులకు, విడిగా పోయిన ఎడమ పార్టీ వాళ్లను చైనా మనుషులని పట్టుకుని జైళ్లలో వేశారు. వెంకటరాజాన్ని కూడా మగ్గం మీద నుంచి లేపుకుపోయారు. వాడు లోపల ఉన్నన్నాళ్లూ గండయ్య పార్టీ నోరెత్తలేదని, రాజం ఇల్లున్న బజారు పడమటి వరుసవాళ్లు అన్నారు. గండయ్య తహసీలు ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు కుంటుకుంటూ తిరిగాడో నాకు తెలుసు. కానీ అది పార్టీ చేసిన పని కాదు, బావ చేసిన పని. రాజం దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. జైలు నుంచి వచ్చినవాడు అక్క ఇంటికి రాలేదు, తన ఇంట్లోకి పోయి తలుపు వేసుకున్నాడు.

ఆ తర్వాత మా వాడ కూడా చీలింది. తూర్పు వరుస కంకి-కొడవలి, పడమటి వరుస సుత్తి-కొడవలి-చుక్క. సిద్ధాంతం అంటే అంతే. నేను తూర్పు వరుసలో ఉన్నాను గనుక కంకి పార్టీవాణ్ణి. మా నాయిన బజారుకు అవతల ఇల్లు కట్టుకుని ఉంటే చుక్క పార్టీవాణ్ణి అయ్యేవాణ్ణి. చేతులెత్తమన్నప్పుడు అందరితో పాటు నేనూ ఎత్తాను.

ఆస్తి పంచుకున్నారు. నేను చూడని వింత లేదనుకునేవాణ్ణి గానీ, ఉమ్మడి ఆస్తి కావాలని దెబ్బలు తిన్నవాళ్లు ఉన్న ఒక్క ఉమ్మడి ఆస్తిని పంచుకోవడం ఆ రోజే చూశాను. రీడింగు రూము బల్లలు రెండు అటు, రెండు ఇటు. గోడ మీది పటాలు అటు కొన్ని, ఇటు కొన్ని. జెండా కర్ర మాకు వచ్చింది. దాని కింద ఉన్న గద్దె పీకడానికి రాక అట్లాగే ఉండిపోయింది. పడుగు కట్టే కర్రలు, గంజి గంగాళం తూర్పు వరుసకు. కుంచె పడమటి వరుసకు. దాన్ని తీసుకుపోయి వెంకటరాజం ఇంటి అరుగు గోడకు తగిలించారు. వాళ్ల పార్టీ ఆఫీసు ఇప్పుడు ఆ అరుగే.

ఎవరూ నవ్వలేదు. హమీద్ ఒక్కడు జట్కా మీద నుంచి అడిగాడు. "నా గుర్రం వాటా ఏ దిక్కు పోయింది భాయ్?"

సావుకారు కూడా వచ్చి నిలబడి చూశాడు. ఖద్దరు కండువా సర్దుకుంటూ అన్నాడు. "మీ సోషలిజంల అన్ని గలుపుతరని విన్న. మా సోషలిజమే నయం. ఎవని కుంచె వానికే."

మొదట పడమటి వరుసవాళ్లు పడుగు పరిస్తే మావాళ్లు కర్రలు ఇవ్వలేదు. వాళ్లు గుట్టకు పోయి వెదురు నరుక్కొచ్చారు. ఆ కోపంతో కమిటీ పెట్టి తీర్మానం చేశారు: అవతలి వర్గానికి కుంచె ఇవ్వరాదు. ప్రతిపాదించింది వెంకటరాజమే. వెదురు నరికి తెచ్చుకోవచ్చు. కుంచె ఏ గుట్ట మీద దొరుకుతుంది? మా వరుసవాళ్లు ఒక్కొక్కరే, ముందు చాటుగా, తర్వాత బాహాటంగా, సావుకారు అరుగు దగ్గరికి పోయారు. ఆయన అటక మీది పాత కుంచె దించి దుమ్ము దులిపించాడు. కిరాయి కూడా వద్దన్నాడు. అరవైఏడు ఎన్నికల్లో మా రెండు పార్టీల వాళ్లూ ఒకరి మీద ఒకరు నిలబడ్డారు గదా, మా ఊళ్లో ఓట్లు ఎక్కువ పడింది సావుకారు చెప్పిన కాంగ్రెసు గుర్తుకే.

గండయ్య మాత్రం పోలేదు.

"నేను జైలుకు పోయింది ఆ కుంచె ముట్టనందుకే. గిప్పుడు పోయి ముడితే నేను పోయినట్టా, పోనట్టా?" అన్నాడు నాతో.

అప్పటికే అతని ఊపిరితిత్తులు పాడయ్యాయి. నల్లగొండ దవాఖానలో చూపించుకుని వచ్చాడు. మందుల సీసా కిటికీలో ఉండేది, దగ్గు ఇల్లంతా ఉండేది. సొసైటీ ఇచ్చిన నూలు పడుగు పోసి మూలన పెట్టి ఉంది. గంజి పట్టక అది మగ్గం ఎక్కడం లేదు. ఎండలు ముదిరాక సావుకారు కబురు పంపాడు. ఈ నెల బట్ట రాకపోతే మగ్గం పేరు సొసైటీలో కొట్టేస్తాం, నూలు వేరేవాళ్లకు ఇస్తాం అని. ఆ ఇంటికి ఉన్నది ఆ ఒక్క మగ్గం. అది పోతే సుగుణమ్మ కూలికి పోవాలి. గండయ్య ఏ పనికీ పనికిరాడు.

ఆమె మొగుణ్ణి ఒక్కసారే అడిగింది. "సావుకారు తాన కుంచె తెస్తవా, తమ్ముని తాన తెస్తవా?"

"రెండూ తేను."

"మరేం జేస్తవు?"

గండయ్య చేసింది ఏమిటంటే, ఈతమట్టల పీచు తెచ్చి, రోజంతా కూర్చుని, చేతి వెడల్పు చిన్న చిన్న కుంచెలు కట్టాడు. మనిషికొకటి పట్టుకుని దువ్వుదామన్నాడు. అతని పట్టుదల ముందు నోరెత్తి ఏం లాభం.

మర్నాడు పొద్దున్నే పడుగు పరిచాం. నేను, నా భార్య లీలమ్మ, మా వరుసలో ఇంకో ఇద్దరు ముగ్గురు. సావుకారు కుంచె వాడుకుంటున్నవాళ్లు గండయ్య మొహం చూడలేక ఇళ్లలోనే ఉండిపోయారు. పడమటి వరుస అరుగుల మీద మనుషులు కూర్చుని చూస్తున్నారు. ఇంకెప్పుడైనా అయితే ఆ సరికే పడుగుకు రెండు పక్కలా మనుషులు కిటకిటలాడేవాళ్లు. ఆ రోజు అవతలి పక్క ఖాళీ. బజారు పొడుగునా పడుగు ఉన్నదని హమీద్ జట్కా ఆపుకుని నిలబడ్డాడు. పడుగు మీద నుంచి బండి తోలడం మా ఊళ్లో ఎవరికీ చెల్లదు. ఇదివరకు పోలీసు జీపు కూడా ఆగింది.

గంజి పూశాం. చిన్న కుంచెలతో మొదలుపెట్టాం. కాసేపటికే తెలిసిపోయింది. పెద్ద కుంచె బరువుకు పోగులన్నీ ఒక్కసారి దువ్వినట్టు లొంగుతాయి. ఈ పీచు ఒకచోట దువ్వుతుంటే పక్కన అతుక్కుంటోంది. గట్టిగా లాగితే పోగు తెగుతోంది. గండయ్య ఒక కొస నుంచి నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగాడు. దగ్గు అందుకుంది. కర్ర పట్టుకుని అక్కడే మట్టిలో కూలబడ్డాడు. పొద్దు ఇంటి కప్పుల మీదికి ఎక్కింది. గంజి మీద ఎండ పడగానే పోగులు తెల్లగా మారడం మొదలైంది.

సుగుణమ్మ చేతిలోని పీచు కింద పడేసింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. పడుగు కింది నుంచి వంగి అవతలికి దాటి, తమ్ముడి అరుగు ముందు నిలబడింది. ఆ ఇంటి ముందు ఆమె నిలబడి చాలా కాలమైంది.

కుంచె గోడకు వేలాడుతోంది. వెంకటరాజం దాని కింద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చెయ్యి చాపితే అందుతుంది.

"తమ్మీ, కుంచె దియ్యి," అన్నది.

వాడు తల ఎత్తలేదు. "నా చేతుల లేదక్కా. అది కమిటీది."

"కమిటీ ఏది?"

"సెక్రటరీ సూర్యాపేటకు వోయిండు. ఎల్లుండి వస్తడు. వచ్చినంక మీటింగు వెట్టి..."

"ఎల్లుండిదాక ఎండను జర ఆగుమని చెప్పు మరి. మీ మాట ఇంటదేమో."

అరుగు మీద ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"నేను పెట్టిన తీర్మానం నేనే తప్పితే ఎట్ల అక్కా? రేపు నా మాట ఎవలింటరు? నిన్ను జూసి ఇస్తే అది చుట్టరికమైతది. పార్టీ అంటే చుట్టరికం కాదు."

"నేను చుట్టరికం అడుగలే. ఆ కుంచె కోసం నా పెట్టెల ఉన్న పట్టుచీర ఇచ్చిన. పెండ్లినాటిది. నా వాటా అడుగుతున్న."

పక్కన ఇంటి అరుగు మీద ఉన్న బిక్షం, వాళ్ల కమిటీలో ఉన్నవాడు, గొంతు సవరించుకున్నాడు. "వదినె, మీ ఆయన పార్టోళ్లు మాకు కర్రలిచ్చిన్రా? మేమడిగినప్పుడు ఏమన్నరు? మీరు కాంగ్రెసుతోని కల్సి సోషలిజం దెస్తమన్నోళ్లు. వోయి సావుకారు కుంచె దెచ్చుకోండ్రి."

"ఆయన తెచ్చుకునేటోడైతే నేను నీ అరుగుకాడికి వస్తనా బిక్షం?" అన్నది సుగుణమ్మ. ఆమె గొంతు పెంచలేదు. "సావుకారు అరుగు ఎక్కననె మీ గండన్న. మీరంత గల్సి నేర్పిన బుద్ధే గద. ఆ ఒక్కనికే ఒంటవట్టింది."

వచ్చిన దారిన పడుగు కింది నుంచి వంగి ఇవతలికి వచ్చింది. అతుక్కుంటున్న చోట నిలబడి, వేళ్లతో పోగులు విడదీయడం మొదలుపెట్టింది. ఒక్కొక్క పోగు. పడుగు చూస్తే వాడ పొడుగునా ఉంది.

హమీద్ జట్కా మీద నుంచి దిగాడు. "నాకు గీ పని రాదు. వస్తే చేద్దును. నా చేతికి కళ్లెమే తెలుసు," అని, నీళ్లకుండ అందుకుని మా చేతుల మీద పోయడానికి వచ్చాడు. గంజి ఎండితే వేళ్లు కోసుకుంటాయని చూసి తెలిసినవాడు.

అప్పుడు వెంకటరాజం అరుగు దిగాడు. కుంచె వైపు చూడలేదు. ఖాళీ చేతులతో, ఆ కుంటి అడుగుతోనే బజారులోకి వచ్చి, పడుగుకు పడమటి పక్క, ఎప్పుడూ తాను నిలబడే చోట నిలబడ్డాడు.

"రాజన్నా, తీర్మానం..." అన్నాడు బిక్షం.

"తీర్మానం కుంచె మీద చేసినం. చేతుల మీద చెయ్యలే," అన్నాడు రాజం.

మట్టిలో కూర్చున్న గండయ్య తల ఎత్తి చూశాడు. "నిన్నెవలు పిలిచిన్రు?"

"పడుగు వరిస్తే ఎవలన్న పిలుస్తరా బావా?"

గండయ్య కర్ర పట్టుకుని లేచాడు. రాజానికి ఎదురుగా, పడుగుకు ఇవతల నిలబడి, వాడు ఎక్కడ విడదీస్తే అక్కడికే తానూ చెయ్యి పెట్టాడు. పోగుల మధ్య నాలుగు చేతులు. పడమటి వరుస నుంచి ముందు ఆడవాళ్లు దిగారు, తర్వాత ముసలివాళ్లు, తర్వాత మిగతావాళ్లు. బిక్షం కూడా వచ్చాడు, అందరికంటే చివరన, ఎవరి మొహమూ చూడకుండా. మా వరుసలో తలుపులు తెరుచుకున్నాయి.

కథ ఇక్కడ ఆపితే బాగుంటుందని నాకు తెలుసు. కానీ చేతులు చేతులే, కుంచె కాదు. గోడకు వేలాడుతున్న దాన్ని తెచ్చి ఉంటే ఎండ ముదరకముందే పని అయిపోయేది. మాలో ఒక్కడు కూడా పోయి దాన్ని తీయలేదు. తీర్మానం చేసినవాళ్లు తీర్మానానికి భయపడ్డారు, మేము అడగడానికి నామోషీ పడ్డాం. మిట్ట మధ్యాహ్నానికి పడుగులో సగం కంటే కొంచెం ఎక్కువ దక్కింది. మిగిలినది కట్టెలా ఎండిపోయింది. సుగుణమ్మ కత్తి తెచ్చి, ఎండిపోయిన చోట తానే కోసేసింది. ఆ కోసిన ముక్క చాలా రోజులు వాళ్ల దూలానికి వేలాడింది. పారేయబుద్ధి కాలేదో ఏమో.

పని చేసినవాళ్లకు బెల్లం నీళ్లు ఇవ్వడం ఆనవాయితీ. రాజం చెంబు అందుకుని తాగాడు. వేళ్ల నుంచి కారిన నెత్తురు చెంబుకు అంటింది. సుగుణమ్మ అది కడగకుండా లోపల పెట్టింది.

మరుసటి వారం ఇద్దరికీ రెండు పార్టీల నుంచి కబురు వచ్చింది. అవతలి వర్గంతో కలిసి పని చేసినందుకు రాజం సంజాయిషీ ఇవ్వాలి. అవతలి వర్గాన్ని తన పడుగు మీద చెయ్యి వేయనిచ్చినందుకు గండయ్య సంజాయిషీ ఇవ్వాలి. ఇద్దరిలో ఎవరూ ఇవ్వలేదు. సొసైటీలో సావుకారు బట్ట కొలిపించి, తక్కువున్నదని పెదవి విరిచాడు. మళ్లీ ఇచ్చే నూలుకు పూర్తి బట్ట రాకపోతే మగ్గం పేరు ఉండదని చెప్పాడు. "నడుమ గీ సోషలిజం కొట్లాటలు సొసైటీ మీద వెట్టకుండ్రి సుగుణమ్మా," అన్నాడు. ఆమె నూలు భుజాన వేసుకుని వచ్చేసింది.

గండయ్య వానాకాలంలో పోయాడు. ముసురు పట్టి ఉంది. శవం మీద ఏ జెండా కప్పాలన్న మాట వచ్చింది. రెండు పార్టీల వాళ్లూ తెచ్చారు. రెండూ తడిసి, రంగు కారుతూ, చూడబోతే ఏది ఎవరిదో తెలియకుండా ఉన్నాయి. సుగుణమ్మ లోపలి నుంచి, ఆ సగం పడుగు మీద నేసి ఇంటికి ఉంచుకున్న ముక్క తెచ్చి కప్పింది. ఎవరూ కాదనలేదు. రాజం పాడె ముందు కొమ్ము పట్టాడు.

వానలు వెలిశాక, దసరా ముందు, ఎండ కాసిన మొదటి పొద్దున సుగుణమ్మ కొత్త పడుగు పరిచింది. ఈ పడుగు దక్కకపోతే మగ్గం లేదు. అది వాడలో అందరికీ తెలుసు. ఆమె ఎవరినీ పిలవలేదు. ఎవరి అరుగు ముందూ నిలబడలేదు. ఒక్కతే కర్రలు పాతుతుంటే నేనూ లీలమ్మా పోయాం. హమీద్ బజారు మొదట్లోనే జట్కా ఆపాడు.

గంజి పూయడం అయింది.

వెంకటరాజం తన అరుగు మీద లేచి నిలబడ్డాడు. గోడ మీది నుంచి కుంచె తీశాడు. వానాకాలమంతా వాడక దాని వేళ్లలో సాలెపురుగు గూడు కట్టి ఉంటే కండువాతో దులిపాడు.

"రాజన్నా," అన్నాడు బిక్షం, పక్క అరుగు మీద నుంచి. "మీటింగు వెట్టకుండ..."

"పెట్టుకోండ్రి. తీసెయ్యాల్నంటే నన్ను తీసెయ్యిండ్రి. నేను వచ్చేదాక ఆగకుండ్రి."

వాణ్ణి నిజంగానే తీసేశారు, ఆ నెలలోనే. అదంతా తర్వాతి సంగతి.

కుంచె తెచ్చి పడుగు మీద అడ్డంగా పెట్టాడు. పడమటి పిడి పట్టుకున్నాడు. తూర్పు పిడి ఖాళీగా ఉంది. పదిహేనేండ్లు గండయ్య చెయ్యి పడి పడి అది నల్లగా, నున్నగా అయి ఉంది. నేను ముందుకు వచ్చాను. మా వాడలో ఆడవాళ్లు గంజి పూస్తారు, పోగులు ముడివేస్తారు, కుంచె మాత్రం పట్టరు.

"జరుగు సాయిలు," అన్నది సుగుణమ్మ.

కొంగు నడుముకు దోపి, పిడి పట్టుకుంది. నేను జరిగాను.

ఇద్దరూ అడుగు వేశారు. రెండు మూడు అడుగులకే కుంచె వంకరపోయింది. ఒక పోగు తెగింది. లీలమ్మ ముడివేసింది. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ వంకర.

"సరిగ నడువు తమ్మీ," అన్నది సుగుణమ్మ. "నా కాళ్లు మంచిగనే ఉన్నయి గద."

"సరిగనే నడుస్తున్న అక్కా."

ఆమె వాడి కాళ్ల వైపు చూసింది. ఒక అడుగు నిండుగా, ఒక అడుగు సగం. కుడి కాలు ముందుకు, ఎడమ కాలు ఈడ్చుకుంటూ. చూస్తూ కాసేపు నిలబడింది. ఎండ పడుగు వైపు జరుగుతోంది. ఎవరూ తొందరపెట్టలేదు.

తర్వాత ఆమె కూడా ఎడమ కాలు ఈడుస్తూ అడుగు వేసింది.

కుంచె తిన్నగా కదిలింది. పోగులు దానికింద తలవంచి, విడివిడిగా, తడిగా మెరుస్తూ లేచాయి. వాళ్లు ఆ కొసదాకా అట్లాగే పోయి, అట్లాగే తిరిగి వచ్చారు. హమీద్ టోపీ తీసి చేతిలో పట్టుకుని, గుర్రం కదలకుండా కళ్లెం బిగపట్టి నిలబడ్డాడు.